చౌడేశ్వరి టాకీసు ఫొటోలో లేని గుమ్మడికాయ

ఏం పాపా, మళ్లా వస్తివే. కూకో. ఆ కుర్చీ వద్దు, దానికి ఒక కాలు పొట్టి, ఈ మంచం మీదికి రా. మొన్ననే గదా వచ్చి పోతివి, ఆ పాత ఫొటోలన్నీ పరిచి ఏ బిల్డింగు యాడుండెనో, ఏది ఎవరిదో ఒక్కొక్కటే రాసుకుంటివి. ఇంగేముండాది? ఆఁ, తీసినాయప్ప సంగతా. పేరు చెప్తి గదా, మీరా హుస్సేన్ అని, నూర్ స్టూడియో మీరా హుస్సేన్. కడపకు పోయొస్తివా? ఆయప్ప మనవరాలు ఫర్హానా కనపడెనా? ఏమనె? ఫొటోలు ఎన్నైనా వాడుకోండి, మా తాత పేరు మాత్రం కింద వేయొద్దు, అనెనా. ఎందుకు వద్దో నందికొట్కూరులో బోర్డులు రాసే దేవేంద్రప్పను అడుగుపో, ఆయన సరే అంటే నాకూ సరే, అనెనా. ఊఁ. నన్ను కంటితో చూడని పిల్లకు నా పేరు తెలుసన్నమాట. నా బోర్డులు పోయినంత దూరం కంటే నా పేరే ఎక్కువ దూరం పోయినట్లుండాది.

వక్క ఉండాది, రవంత నోట్లో వేసుకుంటావా? వద్దా. నాకొకటి చెప్పు పాపా. మన జిల్లా పుట్టి ఇంకా నాలుగైదేండ్లు గూడ సరిగా కాలే. కర్నూలు జిల్లా అనుకుంటా పండుకుంటిమి, లేస్తూనే నంద్యాల జిల్లా అంటిరి. అంత కొత్త జిల్లాకు ఇంత పాత ఫొటోలు ఎందుకంట? ఆఫీసు వరండాలో తగిలిస్తారా. అర్జీ చేతిలో పట్టుకోని వచ్చినోళ్లు నిలబడి నిలబడి పాత తాలూకా కచేరీ ఫొటో చూసుకుంటా ఉంటారు, మా నాయన దాంట్లో గూడ ఇట్లే నిలబడె గదా అని. మంచిదే, పొద్దుపోతాది. పేరు లేకుంటే కింద ఏం రాస్తారు మరి? 'సేకరణ' అని రాసి నీ పేరేస్తారా. చూడు, తీసినోనికి పేరు లేదు, ఏరుకొచ్చినోళ్లకు ఉండాది. నిన్ను అనలేదులే, మొగం అట్ల పెట్టుకోవద్దు. నీకూ అదే బాధ గదా, అందుకే గదా ఇంత ఎండలో బస్సెక్కి వస్తివి.

మీరా హుస్సేన్ అంటే ఎట్లాంటోడనుకున్నావు. సన్నగ, ఎదురుబద్ద మాదిరి ఉంటాడు. మూడుకాళ్ల స్టాండు, దాని మీద చెక్కపెట్టె కెమెరా, పైన నల్లగుడ్డ. మనుషులను తీయమంటే ఆయప్పకు విసుగు. 'మనిషి కదుల్తాడు దేవేంద్రా, గోడ కదలదు' అంటుండె. పెండ్లికి పిలిస్తే పెండ్లికొడుకు మసక మసకగా వస్తుండె, ఆయన ఎనక ఉండే కల్యాణమండపం మాత్రం ఇటుక ఇటుక లెక్కపెట్టొచ్చు. బిల్డింగు అయితే సూర్యుడు ఎప్పుడు ఏ మూలకు వస్తాడో రెండు దినాలు ముందర పోయి చూసొస్తాడు. ఎదురుగా మేక పండుకోనుంటే దాన్ని లేపడు, అదై అది లేచేంతవరకు కూకుంటాడు. ఆయప్పతో కూకునేది నేను. షంషాద్ బీ, ఆయన పెండ్లాము, టిఫిను గిన్నె పట్టుకోని ఆడికే వస్తుండె. 'క్యా దేవేంద్ర భయ్యా, మీ దోస్తుకు ఆకలి లేదు సరే, మీకు గూడ లేదా? ఇద్దరూ గోడలు తిని బతుకుతారా?' అంటుండె. మంచి మనిషి. ఆయమ్మ చేసిన సేమ్యా తిన్నాక ఇంగొకరిది నోటికి ఎక్కదు. యాడుంటిని నేను?

ఆఁ, ఊరు. అప్పుడు ఊరు పెరుగుతాండె పాపా. కాలువ నీళ్లు వచ్చె, శెనక్కాయలు పండె, పత్తి పండె, ఏడాదికొక కొత్త బిల్డింగు లేస్తాండె. జిన్నింగు మిల్లు, నూనె మిల్లు, బ్యాంకు, బస్టాండు, ఆసుపత్రి. ఎవరు ఏం కట్టినా ప్రారంభోత్సవం నాటికి రెండు కావల్ల. నా చేతి బోర్డు, మీరా హుస్సేన్ చేతి ఫొటో. ఆ ఫొటోకు పటం కట్టించి అదే బిల్డింగులో, ఓనరు కూకునే చోట నెత్తి పైన తగిలిస్తారు. బిల్డింగులో కూకోని బిల్డింగు ఫొటో చూసుకోవడం. ఎందుకని అడిగితే చెప్పలేరు, పక్కాయప్ప తగిలించినాడు గాబట్టి మేమూ తగిలిస్తిమి అంటారు.

అట్లాంటప్పుడే, డెబ్బై ఒకటిలో అనుకుంటా, శెనక్కాయల మండీ రామలింగప్ప టాకీసు కట్టె. శ్రీ చౌడేశ్వరి టాకీసు. ఊర్లో మొదటి పక్కా సినిమా హాలు, అంతకు ముందర అన్నీ డేరాలే. కట్టే పని బామ్మర్ది బసవరాజుకు ఇచ్చె, ఇయ్యకుంటే ఇంట్లో పెండ్లాము అన్నం పెట్టదు గదా. బోర్డు నాకిచ్చె. ఇరవై అడుగులు పాపా. నీలం మీద తెల్ల అచ్చరాలు, అంచుకు పసుపు నీడ. పదకొండు దినాలు రాసినా. నాకప్పుడు ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది ఏండ్లుంటాయి, చెయ్యి బిగువుగా ఉండె. అట్లాంటి అచ్చరం నేను మళ్లా రాయలే, నేనే కాదు, ఈ చుట్టుపక్కల ఎవురూ రాయలే. గొప్పకు చెప్తాండాననుకోవద్దు. సరే, అనుకో, గొప్పకే చెప్తాండా.

ప్రారంభోత్సవం నాడు పొద్దున్నే రామలింగప్ప తల్లి చౌడమ్మవ్వ ఒక బూడిద గుమ్మడికాయ తెప్పించె. దూడ తలకాయంత ఉండాది. పసుపు పూసి, కుంకుమ పెట్టి, నల్లతాడుతో ఉట్టి కట్టి, దిష్టి తగలకుండ బోర్డు ముందర నడిమధ్యన యాలాడదీయమనె. నడిమధ్యన అంటే సరిగ్గా నా రెండు అచ్చరాల మీద. నేను నిచ్చెన దిగి, 'అవ్వా, రవంత పక్కకు కడ్తాం' అంటి. 'యా నా కొడుకురా అట్లనేది? దిష్టి పక్కనుంచి వస్తాదా, ఎదురుగా వస్తాది. ఎదురుగానే కట్టల్ల' అనె. కట్టిరి. మీరా హుస్సేన్ నల్లగుడ్డలో దూరి ఫొటో తీసె. వారం దినాలకు పటం వచ్చె, పెద్దది, ఇంత. రామలింగప్ప గదిలో తగిలించిరి. దాంట్లో టాకీసు ఉండాది, బోర్డు ఉండాది, నా అచ్చరాలన్నీ ఒక్కటి తక్కువ గాకుండ ఉండాయి. గుమ్మడికాయ లేదు. మీరా హుస్సేన్ గీకేసినాడు. అప్పుడు ఫొటో పడేది అద్దం ప్లేటు మీద, దాన్ని సన్న కత్తితో గీకితే పోతాది. ఊరంతా తెలిసిన కథ అంతవరకే.

ఎవరూ కనిపెట్టలే మూడు నెలలు. పటాన్ని చూసేదెవరు, అందరూ బొమ్మ చూసేదానికి వస్తారు. అప్పుడు కార్తీకంలో ముసురు పట్టె. నాలుగు దినాలు ఇడవకుండ వాన. ఒక మద్యాన్నం, ఇంకా టిక్కెట్లు ఇయ్యలే, టాకీసు ముందర పోర్టికో, దాని మీది నా బోర్డు, దభీమని కూలె. కింద ఈరక్క బొరుగుల బండి ఉండె. ఈరక్క కుళాయి కాడికి పోయుండె గాబట్టి బతికె. బండి పోయె. 'బండి మిగిలి నేను పోయుంటే నా పిల్లోళ్లు బతికేటోళ్లు గదప్పా' అని ఆయమ్మ వారం దినాలు అందరికీ చెప్పె. ఎందుకు కూలిందో ఊర్లో తెలియనోడు లేడు. కాలువ ఇసుకకు సిమెంటు వాసన చూపించి కట్టినాడు బసవరాజు. ఆ సిమెంటు యాడికి పోయెనో ఎనకవీధిలో ఆయప్ప కట్టుకున్న ఇంటిని చూస్తే తెలుస్తాది. ఇప్పటికీ ఉండాది ఆ ఇల్లు, పో చూడు, సూది మొనంత పగులు ఉండదు. దాన్ని గూడ ఫొటో తీసి మీ వరండాలో తగిలియ్యల్ల నిజానికి.

మరుసటి దినం టాకీసులోనే మీటింగు పెట్టిరి. బెంచీల్లో ఊరు, కుర్చీల్లో పెద్దమనుషులు. యాడనుంచో ఒక ఇంజనీరును పిలిపించిరి. బసవరాజుకు చెమటలు కారిపోతాండాయి. రామలింగప్ప బామ్మర్దిని చూడడు, నేల చూస్తాండాడు. అప్పుడు చౌడమ్మవ్వ లోపలి గదిలో నుంచి పటం మోసుకోని వచ్చె. ఇంత మనిషి, అంత పటం. 'ఒరే రామలింగా, నేను కట్టిచ్చిన గుమ్మడికాయ దీంట్లో యాడరా?' అనె. బసవరాజు లేసి నిలబడె. 'అదీ సంగతి బావా. నేను మొదట్నుంచి అనుకుంటాండా, ఏందో జరిగిందని. దిష్టి గుమ్మడికాయను తీసేసి మూడు నెలలు నెత్తి పైన పెట్టుకుంటిమి, ఇన్ని దినాలు నిలబడింది గూడ ఎక్కువే.' ఇంజనీరు కండ్లద్దాలు తుడుచుకోని, 'మేము ఇట్లాంటివి రిపోర్టులో రాయము గానీ, ఉండొచ్చండి, లేదని చెప్పలేం' అనె. అందరికీ ప్రాణం లేచొచ్చె పాపా. సిమెంటు తప్పంటే బామ్మర్ది పోతాడు. కట్టేటప్పుడు చూడలేదంటే పెద్దమనుషులు పోతారు. గుమ్మడికాయ తప్పంటే ఒక్క ఫొటోగ్రాఫరే గదా పోయేది. ఎవడో ఎనకనుంచి, 'సాయిబుకు మన దిష్టి ఏం తెలుస్తాది' అనె. చౌడమ్మవ్వే కసిరె వాన్ని. 'నోరు మూసుకో. నా మనవడు పాలు కక్కుతాంటే ఉప్పు మిరపకాయలు తిప్పి పోసింది వాని పెండ్లామే' అనె. అంటే తెలిసే చేసినాడని తేలె. అది ఇంకా పెద్ద తప్పాయె.

మీరా హుస్సేన్‌ను పిలిపించిరి. వచ్చి నిలబడె. 'గీకింది నువ్వేనా?' 'నేనే.' 'ఎవరన్నా చెప్తే గీకితివా?' ఆయప్ప హాలంతా ఒకసారి చూసె. నేను బొమ్మ ఆడించే మిషను గదికి పోయే మెట్ల కాడ ఉంటి, చేతిలో రంగు డబ్బా. అందరి మొగాల మీద పోయినట్లే నా మొగం మీద గూడ ఆయప్ప చూపు పోయె, ఆగలే. 'నా కత్తి, నా చెయ్యి, నా అద్దం. ఇంగొకరు చెప్పేదేముండాది' అనె.

ఆగు. అడగొద్దు. చెప్తాండా గదా. కొన్ని నీళ్లు తాగనీ.

గీకమని నేనే చెప్పినా. ఫొటో తీసిన మరుసటి దినం స్టూడియోకు పోతి. అద్దం ప్లేటు ఎలుతురుకు పెట్టి చూపించె. దాంట్లో తెల్లది నల్లగ, నల్లది తెల్లగ ఉంటాది. నా అచ్చరాల నడుమ గుమ్మడికాయ నల్లగ, కురుపు లేసినట్ల. తీసేయి అంటి. 'వాళ్లు కట్టినారు, నేను తీసినా. ఉన్నింది లేదంటే నా పనికి ఏం విలువ?' అనె. 'మనుషుల మొగాల మీద మొటిమలు తీసేస్తావు గదా, ఇదీ ఒక మొటిమే' అంటి. మూడు దినాలు పోయి కూకుంటి. పదకొండు దినాలు రాసినా, మళ్లా ఇంత పెద్ద బోర్డు నాకు ఎప్పుడు దొరుకుతాదో, ఈ పటం ఒక్కటే గదా నిలిచేది, ఒక్కటి చెయ్యి హుస్సేనూ, అంటి. 'నీ అచ్చరం కోసరం నా అద్దం గీకల్నా' అని ముసిముసిగా నవ్వె. గీకె. ఊపిరి బిగబట్టి గీకె. గుమ్మడికాయ పోయె గానీ అది ఉన్నచోట అచ్చరాలు లేవు గదా, ఉత్త బోర్డే. ఆ రెండు అచ్చరాలు నేనే రాసినా, సన్న పెన్సిలుతో, ఆవగింజంత. తిరగేసి రాయల్ల దాని మీద, అద్దంలో చూసినట్ల. నిజం చెప్తే బోర్డు మీద కంటే ఆడే బాగా కుదిరినాయి. గీకింది ఆయన, రాసింది నేను. మీటింగులో ఎవరూ నన్నడగలే. అడగనిదానికి నేనెందుకు చెప్పల్ల అనుకుంటి. కూలిన పోర్టికో మళ్లా కట్టి మళ్లా బోర్డు రాయాల్సింది నేనే గదా, రామలింగప్ప కోపం తగ్గినాక నిదానంగా చెప్పొచ్చులే అనుకుంటి. రామలింగప్ప కోపం తగ్గె. బోర్డు రాస్తి. ఆయప్ప చచ్చిపోయి గూడ ముప్పై ఏండ్లాయె.

తీర్పు ఏందనుకున్నావు. పటంలో గుమ్మడికాయ మళ్లా పెట్టల్ల. ఇంగ మీద కొత్త బిల్డింగు ప్రారంభోత్సవానికి ఆయన కెమెరా రాకూడదు. ఆయన తలకాయ ఊపి పోయె, గుమ్మడికాయ గీసి పంపించె. అంతటితో పోయిందా? మిల్లోళ్లకు భయమాయె, మా ఫొటోలో ఉండాదా లేదా అని. లేనోళ్లంతా పటాలు నెత్తిన పెట్టుకోని స్టూడియో ముందర నిలబడిరి, గీసియ్యమని. బ్యాంకు మేనేజరు గూడ పంపించె, 'నాకు నమ్మకం లేదు, స్టాఫు భయపడ్తాండారు' అని. నువ్వు మొన్న రాసుకుంటివే, ప్రభుత్వ ఆసుపత్రికి సైతం గుమ్మడికాయ కట్టడం ఈ ప్రాంతపు ఆచారమని? కొట్టేయి. అన్నీ మీరా హుస్సేన్ గీసినవే. తీ ఆ ఫొటోలు, చూడు, బ్యాంకుది, ఆసుపత్రిది, బస్టాండుది, అన్నిట్లో ఒకే గుమ్మడికాయ, తొడిమ ఎడంపక్కకే వంగుంటాది. గీసి గీసి విసుగొచ్చి అచ్చు మాదిరి చేసుకున్నాడు.

కొత్తవాటికి పిలవరు గదా, మరి బతికేదెట్ల? కూలగొట్టేవాటికి పిలిచిరి. పాత కచేరీ పడగొడ్తాండారు, ఒక ఫొటో కావల్ల, ఎవరిని పిలుద్దాం, మీరా హుస్సేన్‌నే పిలువు, ఎట్ల పోయేదే గదా, ఆయప్ప కెమెరా దానికింక ఏం చేస్తాది? అట్ల పాత సంత కొట్టాలు, పాత పోలీసుస్టేషను, రేకుల బస్టాండు, పత్తి గోడౌన్లు, పడగొట్టే ముందర అన్నీ ఆయనే తీసె. మంచి పేరున్న ఫొటోగ్రాఫర్లందరూ కొత్త గోడలు తీసుకుంటా ఉండిరి, అవి ఇప్పుడు ఎవరికి కావల్ల, పోయి చూస్తే కండ్ల ముందరే ఉండాయి. పోయినవాటికి ఈయన ఫొటో ఒక్కటే దిక్కు. మీరు వరండా నిండా తగిలించబోయేది ఊరు వెలేసిన మనిషి పనే పాపా. ఆయనకు మంచి పేరుంటే మీకు ఒక్క పాత ఫొటో దొరికుండదు.

ఐదేండ్లు అట్ల ఈడ్చి, కడప పక్కన ఒంటిమిట్టకు పోయె. రాములవారి గుడి ముందర యాత్రికులకు ఫొటోలు తీస్తా బతికె. మనుషులను తీయాల్సొచ్చె ఆఖరికి. పోయేనాడు నేను బస్టాండుకు పోలే, నందవరంలో బోర్డు పనుండాదని చెప్పి తప్పించుకుంటి. చానా ఏండ్లకు, కల్యాణం చూసేదానికి నేనూ నా ఇంటిదీ పోతిమి. గోపురం ఎదురుగా ఉండాడు, గడ్డమంతా తెల్లగ. నన్ను చూస్తూనే, 'దేవేంద్రా, రా రా, ఆడ నిలబడు, అమ్మా మీరు ఈ పక్కకు' అనె. ఈసారి చెప్పల్లనే పోయింటి పాపా, దేవుని కంటే అదే పని మీద పోయింటి. 'హుస్సేనూ, ఆ పొద్దు టాకీసులో' అంటాండా, ఆయప్ప కెమెరాలో నుంచి తలెత్తకనే, 'కదలొద్దు. నోరు మూసుకో, మసక వస్తావు' అనె. మూసుకుంటి. ఫొటో తీసినాక టీ తాపించె, ఇంటిదాన్ని పిల్లల గురించి అడిగె, నన్ను మాత్రం నోరు తెరవనీలే. ఆ ఫొటోలో గోపురం శానా బాగొచ్చినాది. మేము గూడ పరవాలేదు.

హుస్సేన్ ఇంట్లో ఏమని చెప్పుకున్నారో. మా తాత పని చెడగొట్టి ఊరిడిసె, పేరు వేస్తే మళ్లా నవ్వుతారు అనుకుంటాండాది గదా ఆ పిల్ల, నాకు అర్థమైతాది. నేను సరే అంటే చాలు అన్నాదంటే, నా నోటితో వినల్లని. సరే, చెప్తా. ఎప్పుడన్నా కడపకు పోతే... ఏం చేస్తాండావు? ఫోను ఎందుకు తీస్తాండావు? ఇప్పుడేనా? ఉండు పాపా, ఆయమ్మ పనిలో ఉంటాదేమో. మోగుతాండాదా. ఇట్లియ్యి. ఏ పక్క పెట్టుకోవల్ల?

హలో. ఫర్హానా నా? నేనమ్మా, నందికొట్కూరు దేవేంద్రప్పను. ఆఁ, బోర్డులు రాసే. బాగుండానమ్మా. తిన్నా, సంగటి. చూడమ్మా, టాకీసు ఫొటో మీ తాత ఆయనకై ఆయన గీకలేదు. నేను మూడు దినాలు కూకోని గీకిచ్చినా. అచ్చరాలు గూడ నేనే రాసినా. ఆ పొద్దు అందరి ముందర చెప్పాల్సింది, చెప్పలే. తప్పు ఆయనది కాదు, అందుకని మీరు చిన్నతనం అనుకోకుండ పేరు... ఏమంటివి?

తెలుసునా.

ఎప్పట్నుంచి? మీ అవ్వకు గూడనా? షంషాద్ బీకి ఆ పొద్దే చెప్పెనా. తెలిసే ఆయమ్మ ఆ పండక్కి గూడ మా ఇంటికి సేమ్యా పంపించె. ఊఁ. మరి తెలిసి తెలిసి పేరు ఎందుకు వద్దంటివమ్మా? ఆఁ. మీ తాతే చెప్పిపోయినాడా. 'నా పేరు వేస్తే ఊరెందుకు ఇడిసినాడని అడుగుతారు, అడిగితే దేవేంద్ర పేరు బయటికొస్తాది, వాడు బతికుండేంతవరకు వద్దు.' అట్లనే అనెనా.

అంటే ఆ ఫొటోలకు పేరెక్కాలంటే నేను పోవల్ల. నాకేమో ఇంతవరకు షుగరు గూడ లేదమ్మా.

లేదులే, నవ్వుతాండా. వేయమను. నేనుండంగానే వేయమను. గుమ్మడికాయ లేని పటం నా కాడ ఒకటుండాది, అప్పుడే అడిగి పెట్టుకుంటి, అది గూడ ఇస్తా, దాని కింద ఇద్దరి పేర్లు రాయమను, ఎవరు ఏం చేసిరో అట్లనే రాయమను. ఇదో, పాపకు ఇస్తాండా, నువ్వే చెప్పు.

మాట్లాడు పాపా. మాట్లాడుకుంటా పోయి ఆ కిటికీ రెక్క వేసిరా. రోడ్డు ఎడల్పు చేస్తాండారంట, పొద్దున్నుంచి కండ్లలో ఒకటే దుమ్ము.